రంగప్ప నాయన తుపాకీ

పుంగనూరులో ఎరువుల కొట్టు పెట్టుకున్న రంగప్పకి అరవై రెండేళ్ళు. ఆయన్ని ఎవరైనా తుపాకీ గురించి అడిగారా, ఆ పూటకి యూరియా అమ్మకం ఆగిపోయినట్టే. "మా నాయన పోయినాడు సూడు, ఆ ఏడే దీని కుడి గొట్టం పలకడం మానేసింది. మనుషులకి లేని విశ్వాసం ఇనుముకి ఉండాది," అని కళ్ళు తుడుచుకునేవాడు. బస్తా కోసం వచ్చినవాడు కూడా మర్యాదకి ఓసారి ముక్కు చీదేవాడు.

పదహారేళ్ళుగా ప్రతి ఆదివారం ఆ రెండు గొట్టాల తుపాకీని ఒళ్ళో పడుకోబెట్టుకుని నూనె పూసి, మెత్తటి గుడ్డతో తుడవడం ఆయన నియమం. బాగు చేయించడానికి మాత్రం మనసొప్పలేదు. నాయన కోసం మౌనం పట్టినదాని నోరు తెరిపించడం పాపం కదా అనేవాడు.

భార్య గౌరమ్మకి ఈ భక్తి మీద బొత్తిగా గురి లేదు. ఈసారి లైసెన్సు రెన్యువల్ దగ్గర పడేసరికి తేల్చి చెప్పేసింది. "పేలని దానికి లైసెన్సు యాల? మన రోకలిబండకి తీసుకున్యామా? బాగన్నా చేయించు, స్టేషన్లోనన్నా ఇచ్చేసి రా. నా తలకి ఒక్కనాడన్నా నూనె పెట్టినావా నువ్వు?"

ఆ చివరి ప్రశ్న రెండోసారి రాకముందే రంగప్ప తుపాకీతో మదనపల్లె బస్సెక్కాడు.

మదనపల్లెలో తుపాకులు బాగుచేసే బర్నబాస్ దాన్ని విప్పి, గొట్టాల కింద చెక్కిన నంబరుని భూతద్దంతో చూశాడు. లైసెన్సు పుస్తకం చూశాడు. మళ్ళీ నంబరు చూశాడు.

"అప్పా, ఇది మీ నాయనది కాదు."

"నోరు కడుక్కుని మాట్లాడు. పదహారేళ్ళు నూనె పూసినోణ్ణి!"

"పూసినావు. నంబరు సూడలేదు. చివరి రెండంకెలు వేరే ఉండాయి."

రంగప్ప భూతద్దం లాక్కుని తనే చూశాడు. ఊళ్ళో ఇలాంటిది ఇంకొక్కటే ఉండేది, అది వెంకటస్వామి వాళ్ళ నాయనది. ఇద్దరు నాయనలూ ఒకప్పుడు ప్రాణస్నేహితులు. ఒకే రోజు బెంగుళూరు పోయి, ఒకే అంగట్లో జంటగా కొన్నారు. తర్వాత ఒకే అడవిపంది మీద ఇద్దరూ ఒకేసారి కాల్చి, ఎవరి దెబ్బకి చచ్చిందో తేలక, తాము చచ్చేదాకా మాట్లాడుకోలేదు. పందిని మాత్రం ఇద్దరిళ్ళలోనూ వండుకున్నారు. ఆ పగ కొడుకులకి ఆస్తితో పాటు వచ్చింది.

నాయన పోయిన ఏడాదే ఎన్నికలు. లైసెన్సు తుపాకులన్నీ స్టేషన్లో అప్పజెప్పారు. ఫలితాలయ్యాక తెచ్చుకోబోతే, అన్నీ ఒకే రకం ఖాకీ సంచుల్లో వరసగా ఉన్నాయి. చీటీ చూసుకోమన్నారు. రంగప్ప రొమ్ము విరుచుకుని, "మా నాయన తుపాకీకి చీటీ యాలప్పా?" అంటూ ఒకటి ఎత్తుకొచ్చాడు. ఆ రోజు వరసలో ఆయన వెనక నిలబడింది వెంకటస్వామి. పగవాడు చూడని చీటీ తనకి మాత్రం ఎందుకని, మిగిలినదాన్ని ఎత్తుకుపోయాడు.

"మీరూ మీరూ మార్సుకోండి. నువ్వు రాలేదు, నేను సూడలేదు," అని బర్నబాస్ తుపాకీని బిగించి చేతికిచ్చేశాడు.

వెంకటస్వామి కుప్పానికి మారి పదేళ్ళయింది. కుప్పం దారి పొడుగునా రంగప్ప ఒళ్ళు మండుతూనే ఉంది. పగవాడి తండ్రి తుపాకీ మీదా ఇన్ని కన్నీళ్ళు కార్చింది! బస్సు కిటికీలోంచి విసిరేద్దామనుకున్నాడు. బస్సు గుంతలో పడ్డప్పుడు మాత్రం గభాల్న దాన్ని గుండెకి హత్తుకున్నాడు.

విషయం విని వెంకటస్వామి ఏమాత్రం ఆశ్చర్యపోలేదు. లోపలికెళ్ళి రెండో తుపాకీ తెచ్చాడు. గొట్టంలో సాలెగూడు.

"నాకు వారానికే తెలిసిపోయింది. మా నాయనదానికి కుడి గొట్టం ఎప్పుడో పోయింది, దీనికేమో రెండూ పేలినాయి. మంచిది దొరికినాక నేను యాల చెప్తా? మీ నాయన తుపాకీని నువ్వే గుర్తు పట్టకుంటే అది నా తప్పా?"

ఆ మాట రంగప్పకి ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది.

"ముట్టుకోనిస్తే కదప్పా గుర్తు పట్టేది," అన్నాడు. "నలభై ఆరేళ్ళొచ్చిన కొడుకుని, నీకేం తెల్సురా అని దగ్గరికి రానీలేదు. నా చేతికొచ్చిన మొదటి తుపాకీ ఇదే." పగవాడి ముందు ఏడుపొచ్చినందుకు సిగ్గేసింది. అయినా ఏడ్చాడు.

వెంకటస్వామి నవ్వలేదు. రంగప్ప ఒళ్ళో ఉన్నదాని కట్టెనీ గొట్టాలనీ వేలితో నిమిరాడు. ఎక్కడా తుప్పు లేదు.

"మా నాయన ఉన్నప్పుడు కూడా ఇంత మెరుపు లేదు," అన్నాడు. "పాడయిందని నేనే వదిలేసుకున్యా. సిగ్గులేనోణ్ణి."

మార్చుకున్నారు. రంగప్పకి సొంత నాయన తుపాకీ బరువుగా, ఎవరిదోలా ఉంది. దాన్ని భుజానికి తగిలించుకున్నాడు గానీ రెండో చెయ్యి పాతదాన్ని వదల్లేదు.

"ఇడువప్పా."

"ఇడుస్తాండా కదా." వదల్లేదు. "కుడి గొట్టం బాగు చేయిద్దాం. ఖర్చు నాది."

"మా నాయనదానికి నువ్వు యాల పెట్టాల?"

"పదహారేళ్ళు నాకూ నాయనదే కదప్పా."

వెంకటస్వామి ఇంటి తలుపు దగ్గరికి వేశాడు. తర్వాత చెప్పులేసుకున్నాడు. "పద. ఇద్దరం పోయి బర్నబాస్‌కే ఇద్దాం."

"బస్సులో నేను పట్టుకుంటా," అన్నాడు రంగప్ప.

"పలమనేరు దాకా నువ్వు. ఆణ్ణించి నేను."