కాటమయ్య గీయించిన మూడు హెలిప్యాడ్లు

కాటమయ్యకు ఈ లోకంలో ఉన్న కోరిక ఒక్కటే. బతికుండగా ఒక్కసారి గాల్లో ఎగరాలి. ఆ పిచ్చి అంటించింది గఫూర్ సార్. జమ్మలమడుగు దగ్గర వాళ్ల ఊరి బడిలో, మన దేశానికి విమానాలెట్లా వచ్చాయో సార్ చెప్పే రోజున, కోరమీసాల కాటమయ్య వచ్చి పిల్లల మధ్య బాసింపట్టు వేసుకుని కూర్చునేవాడు. పిల్లలు కిసుక్కున నవ్వేవాళ్లు. నవ్వితే నవ్వనీ, ఆయనకు లెక్కలేదు.

"పందొమ్మిదివందల పదకొండులో అలహాబాదు కాడ ఒక విమానం ఉత్తరాల మూటతో యమునా నది దాటింది. ముప్పై రెండులో కరాచీ నుంచి బొంబాయికి టపా విమానం వచ్చింది. ముప్పై ఆరులో సరళ అనే ఆమె చీర కట్టుకుని, ఒక్కతే విమానం నడిపింది," అని చెప్పాడు సార్ ఒకరోజు.

"చీరతోనా? యాడన్నా అయ్యే పనేనా సార్!" అన్నాడు కాటమయ్య.

ఇంటికెళ్లి పెండ్లానికీ అదే చెప్పాడు. గొర్రెలు మేపుకొచ్చే యల్లమ్మకు ఇందులో వింతేమీ కనపడలేదు. "నేను చీరతోనే కొండెక్కి దిగుతాండా. ఆమెకేమంట?" అంది.

కాటమయ్య బాలన్న మనిషి. బాలన్న ఆ చుట్టుపక్కల ఒక పార్టీకి పెద్ద దిక్కు. ఫ్యాక్షన్ రోజులవి. అవతలివాళ్ల హోటల్లో ఇవతలివాళ్లు టీ కూడా తాగరు. బాలన్న ప్రొద్దుటూరికి బయల్దేరితే ఒకే రంగు జీపులు మూడు, మూడు దారుల్లో పోయేవి. ఆయన ఏ జీపులో ఉన్నాడో కట్టుకున్న భార్యకు కూడా తెలియదు. ఆ ఏర్పాటంతా కాటమయ్యదే. బాలన్న ఒంటి మీద ఇంతవరకు గీత పడలేదంటే ఆ పుణ్యమే.

ఇంతలో ఎలక్షన్లొచ్చాయి. హైదరాబాదు నుంచి పార్టీ పెద్దాయన హెలికాప్టర్లో వస్తున్నాడని కబురొచ్చింది.

"కాటమయ్యా, హెలిప్యాడు పని నీది. అంతా బాగా జరిగిందనుకో, పెద్దాయనకు చెప్పి నిన్నొక్క రౌండు ఎక్కిస్తా," అన్నాడు బాలన్న. ఆ మాట విన్నప్పటి నుంచి కాటమయ్యకు అన్నం సయించలేదు.

తనకు తెలిసిన పద్ధతిలోనే పని మొదలుపెట్టాడు. సున్నంతో పెద్ద గుండ్రం, మధ్యలో హెచ్ అక్షరం, గాలి ఎటు వీస్తోందో పైలట్‌కు తెలియడానికి పక్కన పొగ. అట్లాంటిది ఒకటి మీటింగు మైదానం పక్కన, ఇంకోటి ప్రొద్దుటూరు రోడ్డు పక్కన, మూడోది పెన్న ఒడ్డున యల్లమ్మ గొర్రెలు మేపే బీడులో.

"మూడెందుకప్పా?" అని అడిగాడు గఫూర్ సార్.

"అసలుది ఏదో అవతలోల్లకు తెలియకూడదు కదా సార్."

"మరి పైలట్‌కు చెప్పినావా?"

"బాగా చెప్తాండావే! ఆయప్ప ఎవరి మనిషో మనకేం తెలుసు?"



మీటింగు రోజు పులివెందుల నుంచి కూడా లారీల్లో జనం దిగారు. హెలికాప్టరు వచ్చింది. మైదానం మీద తిరిగింది. ప్రొద్దుటూరు వైపు పోయింది, మళ్లీ వచ్చింది. జనం మెడలన్నీ దానితోపాటే తిరిగాయి. చివరికది పెన్న వైపు పోయి కిందికి దిగిపోయింది.

"అది మీ గొర్రెల బీడు కాదేమిరా?" అన్నాడు బాలన్న పళ్లు కొరుకుతూ.

కాసేపటికి హెలికాప్టరు మళ్లీ లేచి, ఈసారి తిన్నగా మైదానానికొచ్చి దిగింది. ఎర్ర దుమ్ము కమ్మేసింది. తలుపు తెరుచుకోగానే బాలన్న కళ్లు మూసుకునే, ముందు దిగిన మనిషి మెడలో గజమాల వేసేశాడు. జనం జిందాబాద్ అని అరిచారు. దుమ్ము తగ్గి చూస్తే, దండలో యల్లమ్మ, చేతిలో గొర్రెల కట్టె. ఆమె వెనక పెద్దాయన పంచె దులుపుకుంటున్నాడు.

"ఈగలు ముసురుతాండాయని పొగలో పచ్చి వేపాకేసినా," అంది యల్లమ్మ మొగునితో. "దట్టంగా లేసిన ఆ పొగ జూసి దిగినారంట. మీటింగు యాడమ్మా అనిరి. దావ చూపిద్దామని ఎక్కితి."

పెద్దాయన గడుసువాడు. వేదికెక్కి, మా పార్టీ గొర్రెలు కాసే ఆడబిడ్డను కూడా హెలికాప్టరెక్కిస్తుందన్నాడు. చప్పట్లు దద్దరిల్లాయి.

మీటింగు అయ్యేసరికి కాటమయ్య తల దువ్వుకుని, తెల్లచొక్కా సర్దుకుని హెలికాప్టరు పక్కన నిలబడ్డాడు. బాలన్న చెప్పిన మాట మీద పెద్దాయన సరేనన్నాడు. పైలట్ మాత్రం కదల్లేదు.

"ఆ మూడు గుండ్రాలూ గీయించింది మీరేనా? నాకొక్క మాట చెప్పలేదేమండీ?"

"మీరెవరి మనిషో తెలియక సార్..."

పైలట్ ఆయన్ను ఎగాదిగా చూశాడు. "మీరెవరి మనిషో నాకూ తెలియదు కదండీ," అని తలుపేసుకున్నాడు.

హెలికాప్టరు పెద్దాయనతో ఎగిరిపోయింది. కాటమయ్య ఏడ్చాడు. కంట్లో దుమ్ము పడిందన్నాడు గానీ, ఏడ్చాడు.

ఇంటికి నడుస్తూ, "పైనుంచి ఎట్లుంటాదే?" అని అడిగాడు మెల్లగా.

"శానా బాగుంటాది మామా. పెన్న నా పైటకొంగంత ఉండె. మనోల్ల ఊరేదో, అవతలోల్ల ఊరేదో తెలీల్యా. నీ గుండ్రాలు మాత్రం మూడూ ఒకే తూరి కనపడినాయి."



మళ్లీ విమానాల పాఠం వచ్చిన రోజు ఆయన యథాప్రకారం పిల్లల మధ్య కూర్చున్నాడు. యమునా నది అయింది, కరాచీ అయింది. "ముప్పై ఆరులో ఒకామె చీర కట్టుకుని..." అని సార్ ఆగి, కాటమయ్య ఏమంటాడోనని చూశాడు.

కాటమయ్య చెయ్యెత్తాడు. "నిజమే సార్. చీరతోనే ఎగరొచ్చు. నేను చూసినా," అన్నాడు. పిల్లలు నవ్వబోయి, ఆయన ముఖం చూసి ఊరుకున్నారు.