ఎర్రపోగు ముడి

కదిరమ్మ రాట్నం తిప్పుతోంది. వేళ్ళ సందున పట్టుపోగు జారుతోంది కానీ, చూపు మాత్రం పెరట్లో బోర్లించిన గంప మీద ఉంది. పెళ్ళయి వచ్చిన నాటి నుంచీ ధర్మవరం మగ్గాలకు కండెలు చుట్టిన చేతులు; వాటికి చూపుతో పని లేదు. మొగుడు పోయినా, యుద్ధం వచ్చి పట్టు కరువైనా ఆ చేతులు ఆగలేదు. పోగు ఒరిసి ఒరిసి చూపుడువేలి మీద లోతుగా గీత పడింది.

గంప కింద ఉన్నది గవ్వ, బూడిదరంగు పెట్ట. మెడ మీద ఈకలు ఊడి తోలు పచ్చిగా కనిపిస్తోంది. తక్కిన పెట్టలూ పుంజూ గంప సందుల్లోకి ముక్కులు దూరుస్తుంటే అది నడుమకు జరిగి ముడుచుకుంది. వాటిలో రెండు దాని తోబుట్టువులే. ఆ సంగతి కోళ్ళకు గుర్తుంటే కదా.

మాఘమాసంలో ఊళ్ళో ఎలుకలు రాలాయి. కూతురు కమలాక్షికి చంకలో ప్లేగు గడ్డ లేచింది. తక్కిన కోళ్ళను పక్కింటి గోవిందమ్మకు అప్పగించి, తల్లీకూతుళ్ళు ఊరి బయట చాపల కొట్టంలోకి పోయారు. పిల్ల మారాం చేస్తే గవ్వనూ తీసుకుపోయారు. అంత జ్వరంలోనూ కమలాక్షి తల్లి కొంగుకు అంటిన ఎర్రపట్టు పోగులు ఏరి, పేని, దిష్టి తగలకుండా కోడి కాలికి కట్టింది. దిష్టి కోడికి తగల్లేదు. ఇంటికి తిరిగి వచ్చింది కదిరమ్మా, కోడీ.

ఆనాటి నుంచీ మంద గవ్వను బతకనివ్వడం లేదు. కదిరమ్మ గాయాలకు వేపనూనె పూసింది. గింజలు రెండు చోట్ల చల్లింది. మునిమాపు వేళ అన్నీ గూట్లో సర్దుకున్నాక గవ్వను మెల్లగా వాటి మధ్యకు తోసింది. తెల్లవారి తలుపు తీస్తే గూడంతా నెత్తురు. చేయవలసిన పని ఇంకొకటి మిగిలి ఉంది. అదేమిటో ఆమెకు తెలుసు, తెలియనట్టు రాట్నం తిప్పుతోంది.

గోవిందమ్మ గోడ మీద మోచేతులు ఆనించింది.

"ఏమక్కా, ఇంకా ఆ పోగు తియ్యలేదా?"

"తీస్తాలే."

"నిన్నా ఇదే మాట చెప్తివి. ఎర్రంది కనబడితే కోళ్ళు ఊరకుంటాయా? పురుగనుకొని పొడుస్తాండాయి. నెత్తురు చూసినాక ఇంగ ఆగుతాయా?"

రాట్నం ఆగింది. "అది పాప కట్టింది గోవిందమ్మా."

గోవిందమ్మ గంప వైపు చూసింది. "ఈ పొద్దు కాకుంటే రేపు చంపేస్తాయక్కా" అని, కొంగుతో ముఖం తుడుచుకుంటూ లోపలికి పోయింది.

పొద్దు వాలాక కదిరమ్మ గవ్వను ఒళ్ళో పెట్టుకుంది. ముడి విప్పబోతే రాలేదు. తెగిన పోగును అతికే ముడి అది. తనే నేర్పింది. పిల్లవి సన్నని వేళ్ళు, ముడి ఆవగింజంత ఉంది. లాగేకొద్దీ బిగుసుకుంటోంది. ఎంత బాగా నేర్చుకుందో అని గర్వపడబోయింది, అంతలోనే కళ్ళు మసకబారాయి. ఆఖరి ఘడియలో పిల్ల పట్టుకున్నది ఈ కోడి కాలినే, అమ్మ చేతిని కాదు. ఆ బాధ కదిరమ్మ ఎవరికీ చెప్పుకోలేదు.

కత్తెర తెచ్చింది. ముడికి ఎదురు పక్కన పోగును కత్తిరించింది. వేపనూనెలో మసి కలిపి, ఎరుపు కనిపించకుండా గాయాలన్నిటికీ పూసి, గవ్వను గూట్లో విడిచింది.

తెల్లవారి తలుపు తీస్తే ముందు పుంజు దూకింది, వెనక పెట్టలు. చివర గవ్వ వచ్చింది. ఒక పెట్ట దాన్ని ఒకసారి పొడిచింది. గవ్వ పక్కకు తప్పుకుని, మళ్ళీ వచ్చి గింజలు ఏరుకుంది. ఆ తర్వాత దాన్ని ఎవరూ పట్టించుకోలేదు.

కమలాక్షి పిలిచినట్టే నాలుక తాటించి, "గవ్వా" అని పిలిచింది కదిరమ్మ. అది తలెత్తలేదు. మందతో పాటు కంచె కంతలోంచి దూరి అవతలికి పోయింది. కదిరమ్మ కోరుకున్నదీ అదే. కానీ ఇక ఆ ఇంట్లో ఆమె చేతి కోసం ఎదురుచూసే ప్రాణి లేదు. కొట్టం నుంచి వచ్చాక మొదటిసారి ఆమె గొంతెత్తి ఏడ్చింది. గోవిందమ్మ వచ్చి పక్కన కూర్చుంది.

కాసేపటికి కదిరమ్మ ముఖం కడుక్కుని, గంప తీసి గోడకు ఆనించి, చుట్టవలసిన కండెల ముందు కూర్చుంది. రాట్నం పిడికి ఎర్రపోగు వేలాడుతోంది, ముడి విడకుండా.