హాల్వర్ పొట్టలో వేసవి

నలభై ఏళ్ళు కాపురం చేశాను, మా ఆయన పొట్టలో ఏముందో మాత్రం ట్రొండ్‌హైమ్ ఆసుపత్రి తెర మీదే చూశాను. గొట్టం లోపలికి పోతుంటే హాల్వర్ కళ్ళు గట్టిగా మూసుకునేవాడు. నేను కుర్చీ ముందుకు లాక్కుని మరీ చూసేదాన్ని.

ఆయన పొట్ట లోపలి పొర పల్చబడి ఆమ్లం ఊరడం మానేసింది. ఆమ్లం ఏదీ, ఏదీ అని ఒక హార్మోను అదే పనిగా కేకలు పెడుతోంది. ఆ కేకలకి పొర మీద బుడిపెలు లేస్తున్నాయి. వదిలేస్తే ఎప్పటికైనా క్యాన్సర్ వైపు తిరగవచ్చట. ఆ కేక చేరకుండా అడ్డుపడే కొత్త మాత్రని పరీక్షిస్తున్నారు. బజారులో ఇంకా దొరకదు. రోజుకొకటి మింగడానికి మా ఆయన ఒప్పుకున్నాడు.

ఏప్రిల్‌లో చూస్తే బుడిపెలు దాదాపు మాయం. సెప్టెంబరులో మళ్ళీ గుంపుగా కనిపించాయి. డాక్టర్ రాగ్నిల్ ముఖం వాడిపోయింది.

"మందు పనిచెయ్యడం మానేసినట్టుంది హాల్వర్. ఇక ఆపరేషనే. హార్మోను పుట్టే పొట్ట కింది ముక్క తీసెయ్యాలి."

"సరే" అన్నాడు గొణుగుతూ. తుఫానులో పడవ నడిపిన మనిషికి కత్తి పేరు చెబితే చెమటలు. నాకు జాలేసింది, అనుమానమూ వచ్చింది. మిగిలిన మాత్రలు తెమ్మంటే ఇంట్లో మరిచిపోయానన్నాడు మరి. ఆమె రిపోర్టు కోసం బయటికి వెళ్ళగానే పట్టుకున్నాను.

"ఏవయ్యా, మాత్రలు రోజూ వేసుకున్నావా?"

"వేసుకున్నా. ఏప్రిల్ దాకా."

"ఆ తర్వాత?"

"ఎండలొచ్చాయి కదే!"

అప్పుడు వెలిగింది నాకు. మా ఫ్రోయ దీవిలో చలికాలం ఎండ ఉండదని, ఆ చీకటి నెలలంతా పొద్దున్నే చెంచాడు చేపనూనె తాగుతాం. ఎండలు రాగానే సీసా నేలమాళిగకి పోతుంది. మాత్రల డబ్బాని ఈయన ఆ సీసా పక్కనే పెట్టాడు. రెండూ కలిసే కిందికి పోయాయి.

"ఓరి నీ తెలివి తగలెయ్య! అది చేపనూనె అనుకున్నావా?"

"మెల్లగా మాట్లాడవే. నాకూ ఇప్పుడే తెలిసింది."

"పద, చెబుదాం."

"చెబితే పరీక్షలోంచి గెంటేస్తారే. మాత్ర దొరకదు. ఎలాగూ కోతే కదా, నోరు మూసుకుని పోదాం."

"నువ్వు నోరు మూసుకుంటే మందు పనికిరాదని రాసుకుంటారు. మిగతా వాళ్ళ గతేంటి?"

బూట్లకేసి చూస్తూ లేచి నిలబడ్డాడు. రాగ్నిల్ తలుపు తీయగానే తనే చెప్పేశాడు, ఒక్క మాట దాచకుండా.

ఆమె తిడుతుందనుకున్నాను. తిట్టడం మరిచిపోయింది! ఏప్రిల్ బొమ్మ, సెప్టెంబరు బొమ్మ పక్కపక్కన పెట్టి ముందుకు వంగింది.

"మింగినన్నాళ్ళూ అణిగాయి. ఆపగానే లేచాయి. అంటే ఇదంతా ఆ హార్మోను పనే!"

నేనూ వంగి చూశాను. "మరి పొర?"

"అది రెండింట్లోనూ అంతే పల్చగా ఉంది గున్వోర్. మాత్ర పొరని బాగుచెయ్యదు, బుడిపెల్ని అణుస్తుంది."

గెంటెయ్యలేదు. ఆయన తప్పుని రాసుకుని, పైవాళ్ళని అడిగి, మాత్ర మళ్ళీ మొదలుపెట్టించారు. మార్చిలో తెర మీద పొర బుడిపెలు లేకుండా నున్నగా కనిపించింది. నేను చప్పట్లు కొట్టాను.

హాల్వర్ కొట్టలేదు. "పరీక్ష ఎప్పుడైపోతుందమ్మా?"

"జూన్‌లో." రాగ్నిల్ గొంతు తగ్గింది. "ఆ తర్వాత మాత్ర వస్తుందని మాట ఇవ్వలేను."

ఆ తర్వాత ఏమవుతుందో ఆ గదిలో ఆయనకి తెలిసినట్టు ఎవరికీ తెలియదు. నా ఉత్సాహమంతా చప్పున చల్లారిపోయింది. ఆపగానే బుడిపెలు లేస్తాయని డాక్టరు సంబరపడ్డ ఆ కొత్త సంగతి మా ఇంటి మీదే వచ్చి పడిందని అప్పుడు తెలిసింది.

హాల్వర్ ఈసారి కళ్ళు తెరిచే తెర వైపు చూశాడు. "ఆ కింది ముక్క తీసేస్తే కేక ఆగుతుందా?"

"ఆగుతుందనే మా నమ్మకం. నిరుడు కన్నా ఇప్పుడు ఎక్కువ నమ్మకం."

"నా వల్లేనా?"

"మీ వల్లే."

"అయితే జూన్‌లోనే కోసెయ్యండి" అన్నాడు. బల్ల కింద నా చెయ్యి నొప్పి పుట్టేలా పట్టుకున్నాడు.