చెవిలో గాలి

అల్లుడు రజ్లాన్ సామాను సంచి విప్పి పెరట్లో పరిచిన దగ్గర్నుంచి దెరహ్మాన్‌కి ఒళ్లు మండుతూనే ఉంది. పడవకి మిషను బిగిస్తాడట! అసలు దాన్ని పడవ అనడానికే ఆయనకి మనసొప్పదు. పసుపు రంగు ప్లాస్టిక్ కయాక్. ముందొకరు, వెనకొకరు కూర్చోవచ్చు. ఇంజను ఉండదు, తెడ్డేసుకుంటూ పోవాలి. అది ఇంటికొచ్చిన రోజే దానికి స్నానాల తొట్టి అని పేరు పెట్టి ఊరంతా చెప్పుకొచ్చాడు.

రజ్లాన్ పగలంతా రేవులో పడవల ఇంజన్లు బాగుచేస్తాడు. ఆ రొద విని విని విసుగెత్తి, సెలవు రోజున చప్పుడు లేని పడవలో వెళ్లి గాలం వేసుకోవడం అతని సరదా. సరదా పడితే పడ్డాడు, మధ్యలో ఈ మిషనెందుకు?

“ఏంటోయ్ అల్లుడూ, తొట్టికి టీవీ పెడుతున్నావా?”

రజ్లాన్ పని ఆపి, లేచి, ఆయన ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. “టీవీ కాదు మామా, చేపల జాడ పట్టే మిషను. ఇదిగో, ఈ ముక్క పడవ అడుగున కూర్చుంటుంది. నీళ్లలోకి చప్పుడు పంపిస్తుంది. అది చేపకి తగిలి తిరిగొస్తే విని, ఈ తెరమీద గీత గీసి చూపిస్తుంది.”

“వింటుందా?”

“వింటుంది మామా.”

దెరహ్మాన్ ఆ నల్ల ముక్క వైపు చూశాడు. అరిగిన సబ్బుబిళ్లంత ఉంది. దానికి చెవులట.

ఆ తీరంలో దెరహ్మాన్ జురు సెలామ్. అంటే పడవ అంచు పట్టుకుని సముద్రంలోకి దిగి, తల ముంచి, చేపల చప్పుడు వినేవాడు. ఆయన దిగాడంటే చుట్టూ ఉన్న పడవలన్నీ ఇంజన్లు ఆపేసేవి. దగ్గొచ్చినవాడు నోట్లో తువ్వాలు కుక్కుకునేవాడు. గొరక చేపల మంద దగ్గర్లో ఉంటే వేడి నూనెలో ఆవాలు చిటపటలాడినట్టు వినిపించేది ఆయనకి. పైకి లేచి చెయ్యి ఎటు చూపిస్తే వల అటు పడాల్సిందే. ఎదురు చెప్పడం అటుంచి, ఎందుకని అడగడం కూడా అక్కడ లేదు. తాతల నాటి నుంచీ అందరూ పాటిస్తున్న కట్టుబాటు అది.

అలాంటి చెవులు పోయాయి. ఒక్కసారిగా పోలేదు, ఉతికిన బట్ట రంగు వెలిసినట్టు మెల్లమెల్లగా పోయాయి. మొదట్లో లోపల గాలి చిక్కుకుందనుకున్నాడు. తల పక్కకి వంచి విదిలించాడు, గోరువెచ్చటి కొబ్బరినూనె పోశాడు. నీళ్లలో ఏమీ వినపడకపోయినా కొన్నాళ్లు అలవాటు కొద్దీ ఏదో ఒక వైపు చెయ్యి చూపించాడు. ఆఖరికి మోకాళ్ల నొప్పులని చెప్పి సముద్రం మానేశాడు. వర్షాకాలం రెండుసార్లు వచ్చి వెళ్లింది. చెవుల సంగతి మాత్రం కూతురు సల్బియాకి కూడా చెప్పలేదు. జురు సెలామ్‌కి చెవుడొచ్చిందంటే ఇక ఆ మనిషికి ఏం మిగులుతుంది? ఎదుటివాళ్ల పెదాలు చూసి సగం, అంతో ఇంతో వినపడి సగం, ఎలాగో నెట్టుకొస్తున్నాడు. ఎవరూ కనిపెట్టలేదని ఆయన ధీమా.

రజ్లాన్ పని సాగుతోంది. వైరు పోవడానికి చిన్న బెజ్జం పెట్టాడు, నీళ్లు దిగకుండా చుట్టూ జిగురు పూశాడు. బ్యాటరీని మూతున్న డబ్బాలో పెట్టాడు. కయాక్ పొట్టలోకి చెయ్యి దూర్చి, ఆ నల్ల ముక్కని లోపల అడుగుకి జిగురుతో అతికించాడు. తెరని మాత్రం నడిమధ్యలో ముందు సీటు వైపు తిప్పి బిగించాడు. ఆ ముందు సీటుని కూడా ఊడదీసి వెనక్కి తిప్పి పెట్టాడు.

“ఒరేయ్, సీటు తిరగేశావు. మతి ఉండే చేస్తున్నావా?”

“బరువు సరిపోవాలి మామా, అందుకని.”

“మరి తెర నీవైపు కదా ఉండాలి?”

“తెడ్డేసేవాడికి తెర ఎందుకు?” అని రజ్లాన్ నవ్వి ఊరుకున్నాడు.

సల్బియా కాఫీ తెచ్చింది. ఆమె కూడా చుట్టూ తిరిగి తండ్రి ముందుకొచ్చి నిలబడి, ఆయన తలెత్తాకే మాట్లాడింది. “నాన్నా, నీ అల్లుడి పనికి వంకలు పెట్టకుండా ఒక్క పూట ఉండలేవా?”

“వంకర లేకుండా చేస్తే నేనెందుకు పెడతాను?” అన్నాడు దెరహ్మాన్. కాఫీ ఇచ్చేటప్పుడు కూడా ఎదురుగా వచ్చి నిలబడే ఈ పిల్ల మర్యాద చూసి ఎప్పటిలాగే ముచ్చటపడ్డాడు.

జిగురు ఆరాక ఇద్దరూ కయాక్‌ని ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గరికి మోసుకెళ్లారు. మోకాళ్ల నొప్పుల పెద్దమనిషి ఒక వైపు పట్టుకుని హుషారుగా నడిచాడు. నీళ్లలో దింపి మిషను ఆన్ చేస్తే తెరమీద మసక తప్ప ఏమీ లేదు. లోతు కూడా చూపించలేదు. రజ్లాన్ మీటలన్నీ నొక్కాడు, వైరు పీకి మళ్లీ గుచ్చాడు. ముఖం చిన్నబోయింది.

దెరహ్మాన్‌కి లోలోపల సంబరంగా ఉంది. “చెవిటి మిషను కొన్నావన్నమాట!” అనేశాడు. అన్నాక ఆ మాట తిరిగి తనకే తగిలింది.

కానీ పని చెడిపోతే చూస్తూ ఊరుకునే రకం కాదాయన. పొట్టలోకి చెయ్యి పెట్టి ఆ ముక్క చుట్టూ వేలితో తడిమాడు. జిగురు ఒక చోట మెత్తగా, బోలుగా తగిలింది.

“దీని చెవిలో గాలి ఉంది,” అన్నాడు.

“ఏంటి మామా?”

“ముక్కకీ పడవకీ మధ్య గాలి మిగిలిపోయింది. మా మేనమామ నన్ను మొదటిసారి నీళ్లలో ముంచినప్పుడు చెప్పిన మాట ఇదే. చెవి నిండా నీళ్లు నిండాలిరా, బుడగంత గాలి మిగిలినా సముద్రం నీతో మాట్లాడదు అని. పీకి మళ్లీ పెట్టు.”

రజ్లాన్ నుదుటి మీద కొట్టుకున్నాడు. “మిషనుతో వచ్చిన కాగితంలోనూ గాలి ఉండకూడదనే రాశారు మామా. తొందరలో నేనే సరిగ్గా నొక్కలేదు.”

ఇంటికి తెచ్చి జిగురంతా గీకేశారు. ఈసారి దెరహ్మాన్ అతన్ని పక్కకి నెట్టి తనే కూర్చున్నాడు. జిగురు పోసి, నల్ల ముక్కని ఒక పక్కనుంచి మెల్లగా వాల్చి, బొటనవేలితో నడుమ నుంచి అంచులకి ఒత్తుకుంటూ వచ్చాడు. బుడగలు ఒక్కొక్కటే అంచు దాకా వచ్చి పగిలిపోయాయి. ఆ పగిలే చప్పుడు ఎంత చిన్నదైనా ఒకప్పుడు తనకి వినపడేది. ఈ సబ్బుబిళ్లకి చెవి బాగుపడుతోంది, తనది ఇక బాగుపడదు. అది తలుచుకుంటూనే అంచున మిగిలిన జిగురు తుడిచాడు.

మర్నాడు తెల్లవారి ప్రార్థన కాగానే రజ్లాన్ వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. “మామా, మీ చేత్తో పెట్టిన చెవి. పనిచేస్తుందో లేదో మీరే చూడాలి. రండి.”

మోకాళ్ల నొప్పులు అనబోయి, నిన్న కయాక్ మోసిన సంగతి గుర్తొచ్చి దెరహ్మాన్ లుంగీ ఎగ్గట్టాడు.

ఏటి మొగ దాటాక సముద్రం పళ్లెంలా పరుచుకుని ఉంది. తిరగేసిన సీట్లో ఆయన, ఎదురుగా తెడ్డుతో అల్లుడు, మధ్యలో తెర. చాలా దూరం పోయాక రజ్లాన్ తెడ్డు ఆపాడు. మిషను ఆన్ చేయలేదు. పెదాల మీద వేలు పెట్టి తీసి, మెల్లగా అన్నాడు: “ముందు మీరు.”

దెరహ్మాన్ నీళ్ల వైపు చూశాడు. కాదనడానికి సాకు దొరకలేదు. అంచు పట్టుకుని నీళ్లలోకి జారాడు. తల ముంచాడు, చెవుల నిండా నీళ్లు నిండేదాకా ఆగాడు. ఏమీ లేదు. తన నెత్తురు కొట్టుకోవడం తప్ప ఏమీ లేదు.

పైకి లేచాడు. రజ్లాన్ తెడ్డు ఒళ్లో పెట్టుకుని, ఎటు చూపిస్తే అటు పోవడానికి సిద్ధంగా చూస్తున్నాడు. చెయ్యి సగం లేచింది కూడా. కానీ ఆ చూపు ముందు అబద్ధం ఆడలేకపోయాడు ముసలాయన.

“వినపడటం లేదురా,” అన్నాడు. “చాన్నాళ్లయింది. నాకేమీ వినపడదు.”

“తెలుసు మామా.”

“తెలుసా? ఎవరెవరికి తెలుసు?”

“అందరికీ. సల్బియాకి తెలుసు, మీ బోటు వాళ్లకి తెలుసు. మీరింకా సముద్రానికి వెళ్తున్నప్పుడే మమాత్ మామ చెప్పాడు.”

మమాత్ ఆయన బోటు నడిపే సరంగు, చిన్ననాటి స్నేహితుడు. దెరహ్మాన్ అంచు మరింత గట్టిగా పట్టుకున్నాడు. “తెలిసి కూడా నేను చూపించిన చోటే వల వేశారా?”

“జురు సెలామ్ చెయ్యి చూపిస్తే ఇంకెక్కడ వేస్తారు మామా?”

ఆ చివరి రోజుల వలలు ఒక్కొక్కటీ కళ్ల ముందుకొచ్చాయి. ఖాళీ వల, మళ్లీ ఖాళీ వల. లాగి లాగి అరచేతులు ఒరుసుకుపోయినా ఒక్కడూ నోరెత్తలేదు. నీళ్లు చల్లగా ఉన్నాయి, అందుకే చేప రాలేదు అనేవాడు మమాత్. వాళ్లిళ్లలో ఆ రాత్రులు ఏం వండుకున్నారో! అందరూ ఎదురుగా వచ్చి నిలబడి మాట్లాడటం, ఈ తిరగేసిన సీటు, తనవైపున్న తెర, అన్నీ ఇప్పుడర్థమయ్యాయి. దెరహ్మాన్ ఏడ్చాడు. సిగ్గుతో కొంత, ఇంతమంది తనని ఇంతకాలం మోశారన్న ప్రేమతో కొంత. రజ్లాన్ ముఖం తిప్పుకుని దూరంగా సముద్రం కేసి చూస్తూ కూర్చున్నాడు.

కాసేపటికి, “లాగరా పైకి. నానిపోతున్నాను,” అన్నాడు ముసలాయన.

సీట్లో పడ్డాక మిషను తనే ఆన్ చేశాడు. తెర వెలిగింది. లోతు అంకె వచ్చింది, అడుగు గీత వచ్చింది. కొంచెం దూరం పోయాక గీతకి కాస్త పైన వంపులు వంపులుగా మచ్చలు గుమిగూడాయి.

“అడుగునే తచ్చాడుతున్నాయి. గొరకలే అయ్యుంటాయి,” అంటూ దెరహ్మాన్ పాత అలవాటు ప్రకారం చెయ్యి చాచి చూపించాడు. “అటు!”

రజ్లాన్ ఎందుకని అడగలేదు, తెడ్డేశాడు.

పొద్దెక్కాక రేవు పక్క కాఫీ కొట్లో బోటు వాళ్లంతా నాసి దగాంగ్, అదే కొబ్బరిపాల అన్నం, తింటున్నారు. దెరహ్మాన్ తడి బట్టలతోనే వచ్చి గొరకల బుట్ట బల్ల మీద పెట్టాడు. మమాత్ గబగబా కుర్చీ జరుపుకుని ఆయన ఎదురుగా రాబోయాడు.

“ఎందుకు జరుగుతావు? అక్కడే కూర్చుని గట్టిగా చెప్పరా మమాత్,” అన్నాడు దెరహ్మాన్, కొట్లో అందరికీ వినపడేలా. “నాకు చెవుడు.”

ఎక్కడి చేతులు అక్కడే ఆగిపోయాయి. ఆయన నీళ్లలోకి దిగినప్పుడు పడవలన్నీ ఊపిరి బిగబట్టినట్టే ఉంది.

మమాత్ లేచి నిలబడ్డాడు. కళ్లు తుడుచుకున్నాడు. తర్వాత గొంతు చించుకుని అరిచాడు: “ఇప్పుడా చెప్పేది ముసలి వెధవా! నీ ముఖంలో ముఖం పెట్టి మాట్లాడలేక మా అందరి మెడలూ పట్టేశాయి!”

ఆ కేకకి రేవులో ఇంజన్లు బాగుచేసే వాళ్లు కూడా తలలెత్తి చూశారు. దెరహ్మాన్‌కి ప్రతి మాటా వినపడింది.