తరుగుదల పోను మిగిలింది

అయినా, ఆ అమ్మాయి ముందు నన్ను చూసిందా, లేక ముందు ఆ అంకె విందా అన్నది ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. నేను ఒక ప్రసంగపీఠాన్ని. చర్చివాళ్ళు పుల్పిట్ అంటారు, కామర్సు పిల్లలు పోడియం అంటారు, వాళ్ళలో కాస్త చనువున్నవాళ్ళు తాతగారు అంటారు. ప్రస్తుతం యూనివర్సిటీ ప్రార్థనాలయం వెనక సామాన్ల గదిలో, విరిగిన ఫ్యాను రెక్కలకీ క్రిస్మస్ నక్షత్రాలకీ మధ్య నన్ను గోడవైపు తిప్పి పెట్టారు. ఆలోచించడం తప్ప వేరే పని లేదు. ఆలోచన ఎటు బయలుదేరినా చివరికి ఆ పరీక్ష దగ్గరికే వచ్చి ఆగుతుంది.

నన్ను చేసినవాడు మిషన్ కాంపౌండులో ఉండే ఏసోబు అనే వడ్రంగి. టేకు మంచిదే. కొలతే తేడా. ఆరడుగుల పైన ఉండే ఒక దొర కోసం చేశాడు నన్ను. దొర ఏడాది తిరక్కుండానే తన దేశం వెళ్ళిపోయాడు. తరువాత వచ్చిన వాళ్ళంతా మన ఎత్తు వాళ్ళు. నన్ను కోసి పొట్టి చేయడానికి ఎవరికీ మనసొప్పలేదు కాబట్టి వెనకాల ఒక పీట వేశారు. ఆ పీట ఎక్కి నిలబడి వినయం గురించి చాలామంది చాలా బాగా మాట్లాడారు.

ఏసోబు నాకు ముందువైపు శిలువ చెక్కి, అద్దంలా మెరుగు పెట్టాడు. వెనకవైపు రంపం గరుకు అలాగే వదిలేశాడు. అటు ఎవరు చూస్తారు అనుకొని ఉంటాడు. కానీ మనుషులు మాట్లాడేటప్పుడు నిలబడేది అటే. ఎదురుగా కూర్చున్న వాళ్ళకి ముఖం కనిపిస్తుంది, గొంతు వినిపిస్తుంది. నాకు దొరికేది మిగతాది. నిశ్చింత గురించి గంటసేపు చెప్పిన ఒక రెవరెండు గారి మోకాలు ఆ గంటా నా పక్కపలకకి కొట్టుకుంటూనే ఉంది. ఇంకొకాయన ప్రతి ఆదివారం ఒకే చోట బొటనవేలి గోరుతో గీకేవాడు. అక్కడ చిన్న గుంట పడింది. అందువల్ల గొంతుల మీద నాకు పెద్దగా నమ్మకం లేదు. చేతులు వేరు. నిజంగా ఆనుకున్నవాడు అరచేయి మొత్తం ఆనిస్తాడు. లోపల ఏదో సర్దుబాటు జరుగుతున్నవాడు వేళ్ళ కొనలు మాత్రం తాకిస్తాడు.

మిషన్ వాళ్ళ కాలేజీ యూనివర్సిటీ అయింది. ప్రార్థనాలయానికి గాజులాంటి కొత్త పీఠం వచ్చింది, దాని వెనక నిలబడితే కాళ్ళు కూడా కనిపిస్తాయి. నన్ను పీటతో సహా కామర్సు హాలుకి మోసుకొచ్చారు. అక్కడ నన్ను స్వీకరించినవారు అకౌంట్స్ చెప్పే దయాసాగర్ గారు. పొద్దున్న ప్రార్థనలో నిత్యమైన వాటి గురించి విని వచ్చిన పిల్లలకి, ఆయన తొలి గంటలో తరుగుదల గురించి చెప్పేవారు. ఏటా ఉదాహరణ నేనే.

"చూడండయ్యా," అని నా నెత్తిన తట్టేవారు. "ఈయన్ని కొన్ననాటి వెల ఉంది. ఏటా కొంత అరిగాడని తీసేస్తూ వచ్చాం. కాగితం మీద ఈయన ఎప్పుడో చచ్చిపోయాడు. ఒక్క రూపాయి మిగిల్చి బతికిస్తున్నాం, ఎందుకో చెప్పండి?"

"సెంటిమెంటు సార్," అన్నాడు ఆ ఏటి వెనకబెంచి సుదర్శన్.

"నీ మొహం. రూపాయన్నా లేకపోతే ఎవడో ఒకడు ఇంటికి పట్టుకుపోతాడు, అడిగేవాడుండడు. యంత్రాలు, బల్లలు, ఏవైనా సరే, తరుగుదల తియ్యకపోతే మీ ఆస్తులు అబద్ధం చెప్తాయి. పరీక్షలో ప్రశ్న అడుగున ఇలాంటి సర్దుబాట్లు ఇస్తాను. ఒక్క సర్దుబాటు మొత్తానికే మర్చిపోయారనుకోండి, అయినా రెండు పక్కలా టాలీ అయిపోతుంది. అదీ అసలు ప్రమాదం. తప్పు టాలీ కాకపోతే వెతుక్కుంటారు. టాలీ అయితే నిద్రపోతారు."

ఆ విభాగంలో ఒక పాత పద్ధతి ఉండేది. చివరి సెమిస్టరు అకౌంట్స్ పరీక్షకి కాపలా ఉండదు. ప్రశ్నపత్రాలు పంచి దయాసాగర్ గారు వరండాలోకి వెళ్ళిపోతారు. హాల్లో మిగిలే పెద్దమనిషిని నేను. గంట కొట్టాక ఆయన లోపలికి వస్తారు. ఒక్కొక్కరూ వరసగా వచ్చి, జవాబు పత్రం నా మీద పెట్టి, చెక్క మీద చెయ్యి వేసి ఒక మాట చెప్పాలి: "ఈ జవాబులు నావి." అంతే. ఆ మాటని ఎవరూ పరీక్షించరు. ఆ మాట చెప్పకపోతే మాత్రం పత్రం తీసుకోరు.

హెప్సిబాది మూడో ప్రయత్నం. నాకెలా తెలుసంటే, ఆ రోజు పరీక్షకి ముందు నా పక్కనే నిలబడి స్నేహితురాలు నవనీతతో చెప్పింది.

"నాన్న నాకోసం చర్చి సంఘంలో అందరిచేత ఉపవాసం చేయించాడే. పొద్దున్నే ఫోన్ చేసి, 'తల్లీ, డెబ్భై ఇళ్ళలో ఇవాళ పొయ్యి వెలగలా' అన్నాడు."

"అమ్మో. నేనైతే ఆ మాట వినగానే చదివింది కూడా మర్చిపోయేదాన్ని," అంది నవనీత.

"మిషన్ ఆసుపత్రిలో అకౌంట్స్ ఉద్యోగం నాకోసం ఆపి ఉంచారంట. ఈసారి పోతే ఇంక ఆపరు. రూలు ప్రకారం మూడుసార్లే, నాకు మళ్ళీ రాసే అవకాశమూ లేదు."

"పోదులే. తాతగారికి దణ్ణం పెట్టుకో."

"మేం దణ్ణాలు పెట్టం."

"అయితే నేను పెడతాలే నీ బదులు," అంటూ నవనీత నిజంగానే నా శిలువకి ఒక దణ్ణం పెట్టి వెళ్ళి కూర్చుంది.

నలభై మంది రాస్తుంటే హాల్లో ఒక చప్పుడు ఉంటుంది. అది కలాలది కాదు, పెదాలది. కూడికలు చేసేటప్పుడు మనిషి పెదాలు ఊరుకోవు. హెప్సిబా మొదటి బెంచిలో, నాకు ఎదురుగా ఉంది. పెద్ద లెక్క పూర్తి చేసింది. రెండు పక్కలా ఆరు లక్షల అరవై వేలు. టాలీ అయింది. కింద రెండు గీతలు గీసి కళ్ళు మూసుకుంది. బహుశా ప్రార్థించింది. లేదా ఊరికే కళ్ళు మూసుకుందేమో. బయటినుంచి రెండూ ఒకలాగే ఉంటాయి.

ఆ తరువాతది మరీ చిన్న సంగతి. ఆమె కళ్ళు తెరిచింది. సరిగ్గా అప్పుడే, పరీక్ష నంబర్ల ప్రకారం ఆమె వెనక బెంచిలో పడ్డ సుదర్శన్, లెక్క ముగించిన ఊపిరితో, తనలో తాను అన్నట్టు అన్నాడు: "ఆరు నలభై రెండు. హమ్మయ్య." ఎవరికీ చెప్పాలని కాదు. వాడికి తన పెదాలు కదిలినట్టు కూడా తెలియదు. ఆమె నన్ను చూస్తోంది. నన్ను చూస్తే ఆ హాల్లో ఎవరికైనా గుర్తు రావలసింది ఒక్కటే. ఆమె చూపు గభాలున ప్రశ్నపత్రం అడుగుకి పోయింది. యంత్రాలపై తరుగుదల పది శాతం. పద్దెనిమిది వేలు. మర్చిపోయింది.

ఇక్కడే నేను ఆగిపోతాను. ఆ అంకె వినబడకపోయినా నన్ను చూసి తరుగుదల గుర్తు తెచ్చుకునేదా? లేక అంకె విన్నాకే నా వైపు చూసిందా? రెంటికీ మధ్య రెప్పపాటు కూడా లేదు. మనసులో ఏది ముందు వచ్చిందో ఆ మనసుకే తెలియకపోతే, ఎదురుగా ఉన్న చెక్కకి ఏం తెలుస్తుంది? ఆమె కొత్త పేజీలో లెక్క మళ్ళీ వేసింది. ఆరు లక్షల నలభై రెండు వేలు. చెయ్యి చాలా వేగంగా కదిలింది. పాత పేజీ కొట్టివేయడానికి కలం ఎత్తి, మళ్ళీ దించేసింది. రెండు పేజీలూ అలాగే ఉండగా గంట కొట్టారు.

వరసలో నవనీత ఆమె వెనకే ఉంది. వరస అన్నాక అందరూ అడిగేది ఒకటే.

"టోటల్ ఎంతే? ఆరు నలభై రెండేగా?"

"రెండు వచ్చాయి."

"రెండేంటే, ఒక లెక్కకి."

"అదే."

సుదర్శన్ తన పత్రం పెట్టి, అరచేయి చప్పుడయ్యేలా వేసి, "ఈ జవాబులు నావి, తాతగారూ" అన్నాడు. దయాసాగర్ గారు నవ్వాపుకొని వాణ్ణి పొమ్మన్నారు. తరువాత హెప్సిబా వచ్చింది. పీట ఎక్కింది. పత్రం పెట్టింది. చెయ్యి నా మీదికి తెచ్చింది గాని ఆనించలేదు. చెక్కకీ చేతికీ మధ్య ఒక కాగితం పట్టేంత జాగా. ఆ జాగాలో వేడి తెలుస్తోంది నాకు.

"చెప్పమ్మా," అన్నారు దయాసాగర్ గారు.

"సార్, చెవిన పడితే చూసి రాసినట్టేనా?"

"ఏం పడింది?"

ఆమె చెప్పలేదు. సుదర్శన్ ఇంకా గుమ్మం దగ్గరే ఉన్నాడు.

"తెలిసినదే గుర్తొచ్చిందేమో సార్. కాదేమో. నాకు తెలియట్లేదు."

"నాకేం తెలుస్తుందమ్మా, నేను వరండాలో ఉన్నాను," అన్నారాయన. తరువాత పత్రం తిప్పి చూశారు. మూడో ప్రయత్నమని ఆయనకి తెలుసు. గొంతు తగ్గించారు. "ఒక లెక్కకి రెండు జవాబులుంటే దిద్దేవాళ్ళు ఒప్పుకోరు. ఒకటి కొట్టెయ్యాలి. రెండో పేజీ బాగానే ఉన్నట్టుందే."

అది సాయమే. అందరికీ అర్థమయ్యే సాయం. నవనీత ఆమె మోచేతిని వెనకనుంచి పొడిచింది. "మొదటిది కొట్టెయ్యవే, ఆకలేస్తోంది."

ఆ డెబ్భై ఇళ్ళ పొయ్యిలు ఆమెకి గుర్తొచ్చి ఉంటాయి. ఆసుపత్రిలో ఖాళీగా ఉంచిన కుర్చీ కూడా. నాకు కనిపించింది మాత్రం, గోటితో గుంట పడిన ఆ పాత చోటికి ఆమె బొటనవేలు తనంత తానే వెళ్ళి ఒకసారి గీకడం, ఆగిపోవడం.

మొదటి పేజీ తప్పని ఆమెకి తెలుసు. అయినా అందులో ప్రతి అంకె ఎక్కణ్ణుంచి వచ్చిందో కూడా తెలుసు. రెండోది ఒప్పు. అది ఎవరిదో తెలియదు. ఆమె ఇలా ఆలోచించిందని నేను అనుకుంటున్నాను. ఆమె ఏమీ ఆలోచించలేదేమో కూడా. ఆ తరువాత ఆమె పాసయిందో లేదో నాకెవరూ చెప్పలేదు. మరుసటి ఏటికి, చెయ్యి వేసి చెప్పే ఆ మాట కంప్యూటరులో టిక్కు పెట్టే గడి అయింది, నేను ఈ గదికి వచ్చాను. ఎవరైనా వచ్చి చెప్తారని కూడా లేదు. ఇక్కడికి వచ్చేది డిసెంబరులో నక్షత్రాల కోసం మాత్రమే.

"సార్, పెన్ను ఒకసారి," అంది ఆ రోజు హెప్సిబా.

దయాసాగర్ గారు జేబులోంచి తీసి ఇచ్చారు. ఆమె పేజీ తిప్పింది. కాగితాన్ని నా అంచుకి ఆనించి, ఆరు లక్షల నలభై రెండు వేల మీదుగా, పై మూల నుంచి కింది మూలకి ఒక గీత గీసింది. పెన్ను తిరిగి ఇచ్చేసింది. అప్పుడు నా మీద చెయ్యి వేసింది, అరచేయి మొత్తం.