వంతు కరెంటు

ఉదయగిరి దాటి లోపలికి పోయే పల్లెలో సుకుమారి నిమ్మతోట పిందె మీద ఉంది. ఎండలు ముదిరాయి. ఇంకో తడి పడకపోతే పిందె రాలిపోతుంది. తడి పెడదామంటే, చేల మధ్యనున్న ట్రాన్స్‌ఫార్మరు ఈ వేసవిలో రెండోసారి కాలి కూర్చుంది.

దాన్ని ట్రాక్టరెక్కించి ఆత్మకూరు రిపేరు షెడ్డుకు తోలుకుపోయారు. సుకుమారికి తోడుగా జనార్దనయ్య వచ్చాడు. పక్క చేను ఆయనదే. ఊరి చెరువు నీళ్ళకు వంతులు వేసే పెద్ద. షెడ్డులో మూత తీయగానే మాడిన నూనె కంపు గుప్పుమంది. లోపల తీగచుట్టలు బొగ్గయి ఉన్నాయి.

"నాసిరకం సరుకు," అన్నాడు జనార్దనయ్య.

సుకుమారికి అది కాలిన పొద్దు గుర్తొచ్చింది. కరెంటు రాగానే చేలన్నిట్లో మోటర్లు ఒక్కపెట్టున మూలిగాయి. ఆ మూలుగులోనే ఢామ్మంది. అందరి మోటర్లకూ ఆటో స్టార్టర్లున్నాయి మరి. మనిషి లేకపోయినా వాటంతటవే అందుకుంటాయి. మోటరు కదలడానికి మొదట గుంజే కరెంటు, తిరిగేటప్పుడు తాగేదానికి ఐదారింతలు.

"సరుకుది కాదు మామా. అందరం ఒకేసారి గుంజుతా ఉండాం. ఆటోలు పీకేద్దాం. పొద్దున సగం మోటర్లు, మద్దేనం సగం. అదీ ఒకటి తిరిగినాకనే ఇంకోటి."

"సగం పూటకి నా బత్తాయి ఏం తడస్తాది?"

"ఇప్పుడు దినమంతా ఆడించినా ఓల్టేజీ లేక చిటికినేలంత ధార పడతా ఉండాది. ఓల్టేజీ నిలబడితే సగం పూటకే ఎక్కువ పారతాది."

"నేను పీకేస్తాను, పక్కోడు పీకడు. అప్పుడు నేనే ఎర్రోణ్ణి. కాలవలో నీళ్ళు కంటికి కనబడతాయమ్మాయ్. తీగలో కరెంటు కనబడతాదా, దొంగని పట్టుకోను?"

"తీగలో కనబడదు. పైపులో నీళ్ళు కనబడవా? నీ గట్టెక్కితే ఎవరి పైపైనా కనబడతాది గదా."

జనార్దనయ్య షెడ్డువాళ్ళిచ్చిన టీ తాగి గ్లాసు పక్కన పెట్టాడు. "సరే. చెరువు కింద వంతులేసేవాడు ఆఖర్న తడుపుకోవాల. అది మనూరి కట్టుబాటు. ఈ వంతులు నువ్వేస్తా ఉండావు. ఆఖరు వంతు నీది. అప్పుడే ఊళ్ళో నీ మాట చెల్లుతాది."

తన వంతు వచ్చేలోపు లైను పోతే ఆ రోజుకు తోటకు చుక్క పడదు.

"నాదే," అంది.

కొత్త చుట్టలతో ట్రాన్స్‌ఫార్మరు వచ్చింది. ఊళ్ళో అందరూ వంతులకు ఒప్పుకుని ఆటోలు పీకేశారు. మొదటి పొద్దు కరెంటు రాగానే ఒక్క మోటరూ కదల్లేదు. కాసేపటికి జనార్దనయ్యది తిరిగింది. అది కుదుటపడ్డాక ఇంకోటి.

మధ్యాహ్నమయ్యేసరికి పొద్దుటివాళ్ళు ఆపుకున్నారు. వాళ్ళలో పెంచలయ్య పైపు మాత్రం పారుతూనే ఉంది. సుకుమారి నోరు తెరిచేలోపే జనార్దనయ్య గట్టెక్కి అరిచాడు.

"ఒరే పెంచలయ్యా! నీ పైపు నాకు కనబడతానే ఉండాదిరా! ఆపుతావా, నన్ను రమ్మంటావా?"

"ఒక్క సాలు మామా, ఒక్క సాలు!"

"సాలూ లేదు గీలూ లేదు!"

ఆగింది. మధ్యాహ్నపువాళ్ళు ఒక్కొక్కరే వేసుకున్నారు. అందరి తర్వాత సుకుమారి పచ్చ బటను నొక్కింది. మోటరు మూలగలేదు, ఒక్క ఊపున అందుకుంది. పైపు నిండుగా నీళ్ళొచ్చి పాదుల్లో పడ్డాయి. ఆఖరి వరస దాకా పారించి, పార మీద ఆనుకుని వంగి చూసింది. నీళ్ళలో రాలిన పిందెలు కొన్ని తేలుతున్నాయి. కొమ్మకున్నవి చాలా ఎక్కువ.