గుడ్లమ్మ ఆఖరి ట్రే

చీకటిగదిలో దీపానికి అడ్డంగా గుడ్డు పెట్టి చూసి, బతికే ఉందనుకుని పక్క అరలో పెట్టింది ఆమె. ఇంకోటి తీసింది. లోపల ఎర్రటి నరాలు అల్లుకుని, మధ్యలో కందిగింజంత నలుసు కదులుతోంది. అదీ బతికే ఉంది.

నలభై ఏళ్లుగా ఇదే పని. అరవై నాలుగేళ్ల మనిషి. దీపం వేడికి కుడి బొటనవేలి చర్మం కాగితంలా పలచబడిపోయింది. టీకాకు కావలసిన వైరస్ పెరిగేది గుడ్లలోనే కాబట్టి పనివాళ్లు ఆమెను ఎదురుగానే గుడ్లమ్మ అంటారు. "నా పేరు చెబితే కోళ్లు గుడ్లు పెట్టడం మానేస్తాయర్రా," అని ఆమే నవ్వించేది. చెవిటిజ్వరానికి టీకా కనిపెట్టింది ఈ మనిషేనని వాళ్లలో సగంమందికి తెలియదు.

ఆ జ్వరం చిన్నపిల్లలకు వచ్చేది. బతికి బయటపడితే వినికిడి పోయేది. ఆమె అక్కకు అయిదో ఏట అలాగే పోయింది. అక్క కోసమే ఈ చదువు చదివింది. కానీ పోయిన వినికిడిని ఏ టీకా తెచ్చిపెడుతుంది? ఆ సంగతి అక్కాచెల్లెళ్లు ఎన్నడూ ఎత్తలేదు.

డైరెక్టరు తలుపు దగ్గర నిలబడి గొంతు సవరించుకున్నాడు. ఆమె దగ్గర పని నేర్చుకున్నవాడే.

"మేడమ్, టీకా తయారీ ఇవాళ్టితో ఆపేయమన్నారు పైవాళ్లు. పదకొండేళ్లుగా ఒక్క కేసూ లేదుగా."

"కేసుల్లేనిది టీకా ఉండబట్టే కదా బాబూ?"

"నేనూ అదే చెప్పాను. వినలేదు. టీకాకు విత్తనంలాంటి మూలవైరస్ సీసాలు కూడా ఉంచొద్దన్నారు."

"ఒక్కటి ఉంచుకోనివ్వు."

అతను నేల చూపులు చూశాడు.

"సరే, ఆవిరిలో నేనే వేస్తాను. ఇంకెవర్నీ ముట్టుకోనివ్వకు," అంది ఆమె.

ఆరు సీసాలు. చిటికెనవేలంత ఒక్కొక్కటి. చలిగదిలోంచి తెచ్చి వైరస్‌ను చంపే ఆవిరిపెట్టెలో వరసగా నిలబెట్టింది. ఆ వెనకే ట్రేలో గుడ్లూ పెట్టింది. తలుపు బిగించి, వేడి ముల్లు ఎర్రగీత దాటేదాకా అక్కడే నిలబడింది.

మధ్యాహ్నం గేటు దగ్గర నుంచి కబురొచ్చింది. వెళ్లి చూస్తే ఒక మనిషి, అతని భుజం మీద నాలుగేళ్ల పాప.

"ఇక్కడ మందు చేస్తారటగా అమ్మా? మూడ్రోజులుగా జ్వరం. పొద్దున్నించి పిలిస్తే పలకడం లేదు."

ఆమె పాప ఎడమ చెవి వెనక చప్పట్లు కొట్టింది. తర్వాత కుడి చెవి వెనక, ఇంకా గట్టిగా. పాప తండ్రి చొక్కా గుండీని తిప్పుకుంటూనే ఉంది.

"టీకా వేయించలేదా నాయనా?"

"ఊళ్లో ఆసుపత్రికి వెళ్లామమ్మా. ఆ జ్వరం ఇప్పుడెక్కడుంది, టీకా తెప్పించడం మానేశామన్నారు. పోనీ మీరిప్పుడు వెయ్యండి."

"అది జ్వరం రాకముందు వెయ్యాలి. ఇప్పుడు వేసినా పని చెయ్యదు."

అతను ఆమె వెనకున్న మూడంతస్తుల మేడను పైనుంచి కిందిదాకా చూశాడు. "మరి ఇంత పెద్ద ఇంట్లో మీరేం చేస్తారమ్మా?" అన్నాడు. కోపంగా కాదు, తెలియకే అడిగాడు.

ఆమె జేబులోంచి కాగితం తీసింది. పెద్దాసుపత్రికి చీటీ రాసిచ్చి, బండెక్కించి పంపింది. తర్వాత డైరెక్టరుకు ఫోన్ చేసింది.

"కేసొచ్చింది."

"మళ్లీ మొదట్నించి చెయ్యాలంటే ఎన్నేళ్లు మేడమ్?"

"నాకు ఆరేళ్లు పట్టింది. అప్పుడు నాకు ఇరవై ఎనిమిది," అని పెట్టేసింది.

పొద్దుగూకేవేళకు ఇల్లు చేరి, వంటింట్లో గోడవారన పీట మీద చతికిలబడింది. ఆలస్యమైందేమని అక్క చేతులతో అడిగింది. ఆమె తన చెవి మూసి చూపించి, నేల నుంచి నాలుగేళ్ల పిల్లలంత ఎత్తున చెయ్యి పెట్టింది. అక్కకు అర్థమైంది. ఆడపిల్లా మగపిల్లాడా అని అడిగింది. ఆమె తన భుజం మీద జడ గీసి చూపించింది.

అక్క వంగి ఆమె చెంప నిమిరి, పాలు పొంగుతాయని పొయ్యివైపు తిరిగింది. వెనక చెల్లెలి చేతిలోని నీళ్లగ్లాసు నేల మీద పడి, దొర్లుకుంటూ గుమ్మందాకా పోయింది. అక్కకు వినపడలేదు.

టీతో తిరిగి చూసేసరికి చెల్లెలు గోడకు తల ఆనించి కళ్లు మూసుకుని ఉంది. అలసి నిద్రపోయిందనుకుంది. టీ చల్లారకుండా మూత పెట్టి, లేపడానికి మనసొప్పక, ఎదురుగా కూర్చుని చాలాసేపు చూసింది.

గుడ్లమ్మ కన్నుమూసిన వారంలోనే ప్రయోగశాల ఖాళీ చేశారు. చలిగది పక్కన కొక్కేనికి ఆమె తొడుక్కునే ఊదారంగు స్వెటరొకటి మిగిలిపోయింది. మోచేతి దగ్గర చిరుగును ఎవరో ఆకుపచ్చ ఊలుతో, దగ్గరదగ్గర కుట్లతో, ఓపిగ్గా పూడ్చారు.